మా గేరిలో మడి లేదు

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. మా గేరిలో అక్షరం ముక్క వచ్చిన ఆడవాళ్ళం ఇద్దరమే, అందులో రెండో ఆమెకు సంతకం వరకే వచ్చు. అయినా రాస్తున్నాను. రెండేళ్ళ కిందట నాకొచ్చిన జబ్బు ఒంట్లోంచి పోయింది గానీ, చెప్పుకోవడానికి మనిషి లేక దాని కథంతా లోపలే ఉండిపోయింది. రేపు ఈ గేరిలో చదువు నేర్చే ఆడపిల్ల ఎవరైనా తన కాన్పుకు ముందు ఇది చదివితే నాకు చాలు. చదవలేనివాళ్ళకు చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

నా పేరు మార్తమ్మ. పుట్టింది ఆదోనిలో. మా నాయన పత్తి మిల్లులో కూలి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్లకు పోయే దారిలో ఉన్న ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. పల్లె పేరు రాయను. అక్కడ ఊరు వేరు, మా గేరి వేరు, మధ్యలో వంక. ఊళ్ళోవాళ్ళు మాదిగ్గేరి అంటారు, మేము ఒట్టి గేరి అంటాం. నా పెనిమిటి ఏసోబు ఊళ్ళో ఒక రెడ్డి ఇంట జీతగాడు. మా అత్త సుంకమ్మ మంత్రసాని.

ముందు మా అత్త పని గురించి చెప్పాలి. ఊళ్ళో ఎవరింట కాన్పయినా ఆమే పోవాలి. వీధి గడప తొక్కకూడదు, పెరటి దారిన రావాలి. నొప్పులు మొదలయ్యేదాకా ఆమె నీడ పడితే తప్పు, మొదలయ్యాక ఆమె చెయ్యి పడకపోతే తప్పు. లోపలికి పోయే ముందు బావి దగ్గర దూరంగా నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోసేవాళ్ళు, ఆ తడిబట్టతోనే పని చెయ్యాలి. బిడ్డ బయటపడి, బొడ్డు కోసి, మాయను పాతిపెట్టి వచ్చేశాక ఆమె కూర్చున్న చోటు పేడనీళ్ళతో అలికించేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆమె ఇదంతా చేస్తూనే ఉంది, ఇంటికొచ్చి తిడుతూనే ఉంది.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి మన రాష్ట్రంలోకి వచ్చిన ఏడు మా ఊరికి సర్కారు నర్సమ్మ వచ్చింది. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, వెంట ఎవరూ లేరు. ఊళ్ళో ఒక పెద్దింటి ముందరి గదిలో ఉండనిచ్చారు. గేరిలోకి పోయి వస్తే మళ్ళీ మా గడప ఎక్కవద్దని ఆ ఇంటాయన మొదటి రోజే చెప్పాడట. ఇంకొక ఇల్లు ఆమెకు ఎవరిస్తారు? ఆమె వంక దాటలేదు. మేమూ దానికి పెద్దగా బాధపడలేదు. మాకు మా అత్త ఉంది కదా అనుకున్నాం.

ఊరి కాన్పులకు ఇద్దరూ కలిసి పోయేవాళ్ళు. నర్సమ్మ మా అత్తకు కొత్త పనులు పెట్టింది. గోళ్ళు తీసుకోవాలి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోవాలి, కత్తెరా దారమూ మరిగే నీళ్ళలో వెయ్యాలి. ఎందుకో చెప్పలేదు. ఊళ్ళో మా అత్తకు ఎందుకో ఎవరూ చెప్పరు, చెయ్యమంటారు. ఆమెకు తోచింది ఒక్కటే. ఇన్నాళ్ళూ స్నానంతో వదిలినవాళ్ళు ఇప్పుడు సబ్బు కూడా అడుగుతున్నారు, మడి ఇంకా ముదిరింది.

ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది. "ఈ పొద్దు కత్తెరకు గుడక స్నానం జేపిచ్చినారే. నేను ముట్టుకుంటానని."

ఐదో తరగతి చదివినదాన్ని, నేను కూడా ఆమెతోపాటు నవ్వాను.

ఉగాది వెళ్ళిన వారం

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఎండలు అప్పటికే ముదిరాయి. వంకలో మేము ఇసుక తోడి నీళ్ళు పట్టుకునే చెలమ అడుగంటింది. ఊరి బావికి పోతే మేము చేద వెయ్యకూడదు. కడవ గట్టు కింద పెట్టి, ఎవరైనా వచ్చి తోడి పోసేదాకా నిలబడాలి. పోసేవాళ్ళకు తీరికైతే పోస్తారు, లేకపోతే మన వైపు చూడకుండా పోతారు. ఆ రోజు ఇంట్లో ఉన్నవి ఒక్క కడవ నీళ్ళు.

మా అత్త దొడ్లో దూడ కాలి పుండు తుడుస్తూ ఉండింది. నా కేక విని అట్లే పరుగెత్తుకొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. పక్కింటి దానమ్మ సాయానికి వచ్చింది. ఊళ్ళో మాదిరిగా నీళ్ళు కాచేదా అని ఆమె అడిగింది. ఉన్న నీళ్ళు తల్లికీ బిడ్డకూ స్నానానికి ఉండనీ అంది మా అత్త. ఆ తరవాత నా చెంప నిమిరి అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"నా కోడల్ని ముట్టుకునేకి నేను సేతులు కడుక్కోవాల్నా? మనకేం మడి? ఈడ ఎవురు ఎవురికి అంటు?"

నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. అమ్మ లేని దాన్ని, ఇంత ఆప్యాయంగా నన్ను అంతకుముందు ఎవరూ ముట్టుకోలేదు. లోకంలో ఈ ఒక్క ఇంట్లో ఎవరికీ ఎవరూ మైల కాదు అనిపించింది. ఆ చేతిని నేనే పట్టుకుని నా పొట్ట మీద పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. మా అత్త వాళ్ళమ్మ కాలం నుంచి వాడుతున్న కొడవలితో బొడ్డు కోసింది, పిడక బూడిద అద్దింది. పిల్ల ముక్కు అచ్చం ఏసోబు ముక్కని దానమ్మ నవ్వింది. ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను. అది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మూడో దినం నుంచి

మూడో రోజు వణుకు పుట్టింది. బయట నిప్పులు చెరిగే ఎండ, నా పళ్ళు మాత్రం టకటక కొట్టుకుంటున్నాయి. గొంగడి మీద గొంగడి కప్పారు. కడుపులో కత్తి పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. పాలు పడ్డ జ్వరమే, తగ్గుతుందని గేరి ఆడవాళ్ళు అన్నారు. మా అత్త అనలేదు. ఆమె నా కళ్ళలోకి చూసి లేచి బయటికి పోయింది. అప్పుడే నాకు భయం వేసింది.

పిల్ల బాగానే తాగుతోంది. ఆరో రోజు సాయంత్రం రొమ్ము నోటికందిస్తే పట్టలేదు. పట్టాలని ఉంది, నోరు తెరవడం దానికి చేతకావడం లేదు. ఏడో రోజుకు దవడలు బిగుసుకున్నాయి, తాకితే చాలు ఒళ్ళు విల్లులా వంగేది. ఏడో రోజున వచ్చే ఈ జబ్బు మా గేరిలో అందరికీ తెలుసు. ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో పోయారు. ఇది వచ్చాక ఎవరూ ఏమీ అడగరు, వచ్చి కూర్చుంటారు. నా పిల్ల దగ్గర కూడా అట్లే కూర్చున్నారు. ఎనిమిదో రోజు పొద్దున అది పోయింది.

ఏసోబు దాన్ని తన తుండులో చుట్టుకుని పోయాడు. నాకు లేచే శక్తి లేదు. తడిక సందులోంచి అతని వీపు కనబడింది, పిల్ల కనబడలేదు. నేను చూసిన ఆఖరి చూపు అదే.

ఆ తరవాత నాకు తెలివి వస్తూ పోతూ ఉండింది. ఏసోబు నర్సమ్మ దగ్గరికి పోయి, ఆ ఇంటి మెట్ల కింద నిలబడి మొత్తుకున్నాడట. ఆమె బయటికొచ్చింది. చెప్పు వేసుకుని మెట్టు దిగబోయింది కూడా. ఇంటాయన అరుగు మీంచి పేరు పెట్టి పిలిచాడు, అంతే, ఆగింది. లోపలికి పోయి, ఎమ్మిగనూరు ఆసుపత్రికి చీటీ రాసుకొచ్చి మెట్టు మీద పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయని ఏసోబు చెప్పాడు. నాకు ఆ నీళ్ళ మీద జాలి కలగడానికి చాలా కాలం పట్టింది.

బండి మీద

జ్వరంతో ఉన్న గేరి బాలింతను ఎక్కించుకోవడానికి ఊళ్ళో ఎవరూ బండి ఇవ్వలేదు. పత్తి మూటలు, మా వైపు బోరేలంటాం, వేసుకుని ఆదోని మిల్లులకు పోయే దూదేకుల హుసేనప్ప దారిలో ఆగాడు. ఆయన నన్ను చూశాడు, ఏసోబును చూశాడు, ఏ కులమని అడగలేదు. రెండు బోరేలు అటూ ఇటూ జరిపి మధ్యలో గుంత చేశాడు.

"ఈడ పండుకోబెట్టప్పా. మెత్తగా ఉంటాది. నేను ఎద్దుల్ని నిదానంగా తోల్తా."

దారంతా ఆయన వెనక్కి తిరిగి, పాప బతికే ఉందా అని ఏసోబును అడుగుతూనే ఉన్నాడు. పాప అంటే నేనే. ఎమ్మిగనూరులో డాక్టరు చూసి, ఇది మా చేతిలో లేదు, ఆలస్యం చెయ్యకుండా ఆదోని తీసుకుపొమ్మన్నాడు. హుసేనప్ప ఎద్దులకు నీళ్ళు పెట్టి మళ్ళీ కట్టాడు. నాకు గుర్తున్నదల్లా పత్తి వాసన, మా నాయన చొక్కాకు ఉండే వాసన. ఆ వాసనలో నేను చచ్చిపోయినా పరవాలేదనుకున్నాను.

ఆదోనిలో

ఏ ఆసుపత్రో రాయను. నాకు ప్రాణం పోసిన చోటు, దానికి చెడ్డపేరు తేలేను. లోపల ఆడవాళ్ళ గదిలో మంచం ఖాళీ ఉన్నా నన్ను వరండా చివర వేశారు. పక్కన పడుకోబెడితే మిగతా బాలింతల ఇళ్ళవాళ్ళు గొడవ చేస్తారని ఆయా మొహమాటంగా చెప్పింది. నాకు గొడవ పెట్టుకునే ఓపిక లేదు. వరండాలో గాలైనా వస్తుందిలే అనుకున్నాను.

ఏసోబు రెండో రోజే పోవాల్సి వచ్చింది. జీతగాడు రెండు పూటలు కనబడకపోతే రెడ్డి మనిషిని పంపుతాడు. మా నాయన మిల్లు పని అయ్యాక వచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక పోయేవాడు. మా అత్త ఒక్కసారి కూడా రాలేదు. ఏసోబు మళ్ళీ వచ్చినప్పుడు అడిగాను. అమ్మ అన్నం తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు అన్నాడు. నాకు కోపం వచ్చింది. పిల్ల పోయింది నాకు, పడుకున్నది నేను, అన్నం మానేసింది ఆమె.

రోజుకు నాలుగు సూదులు. పగలంతా వరండాలో మనుషులు నడుస్తూనే ఉంటారు, ఎవరూ నా దాకా రారు. ఎవరి కాళ్ళు ఎట్లా నడుస్తాయో చూసి మనిషిని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. నాతో నేనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు పైకే మాట్లాడుతున్నానని ఆయా చెబితే తెలిసింది.

జ్వరం తగ్గాక కూడా నాకు పాలు వస్తూనే ఉన్నాయి. ఒంటికి ఏం తెలుసు? లోపల ఒక శెట్టిగారి కోడలికి పాలు పడక, ఆమె మగబిడ్డ పొద్దస్తమానం ఏడ్చేవాడు. వాడు ఏడ్చినప్పుడల్లా నా రవిక తడిసిపోయేది. ఆయాకు జాలేసి, డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ నన్ను చూసి, ఇప్పుడు పట్టొచ్చు అంది. బిడ్డ నాయనమ్మ ఒప్పుకోలేదు. ఎవరి పాలో తాగి ఏమవుతాడో అంది. వాళ్ళు డబ్బా పాలు తెప్పించారు. నేను గోడవైపు తిరిగి పాలు గుడ్డలోకి పిండుకున్నాను. నా పిల్ల పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి. తెలుగు నిదానంగా, మాట మాట ఏరుకుని మాట్లాడేది. నా దగ్గరికి వచ్చే ముందు ప్రతిసారీ వరండాలోని తొట్టి దగ్గర చేతులు కడుక్కునేది. నేను అది చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేదాన్ని. చదువుకున్నా అంతే, నన్ను ముట్టుకోవాలంటే ఈమెకు కూడా ఇంత తతంగం అనుకునేదాన్ని.

ఒకరోజు ఆమె నా మంచం మీదే కూర్చుని, కాన్పు ఎవరు చేశారని అడిగింది. మా అత్త అన్నాను. చేతులు కడుక్కుని చేసిందా అని అడిగింది. నేను తలెత్తి జవాబు చెప్పాను.

"మా గేరిలో మడి లేదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. ఊళ్ళో మా అత్త చేత ఎట్లా కడిగిస్తారో, మా ఇంట్లో ఎందుకు కడుక్కోలేదో అంతా చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె తన చెయ్యి నా ముందు చాపింది.

"అది మడి కాదమ్మా. కంటికి కనబడని విషం ఉంటుంది, చేతి మీద, గోటి కింద, కొడవలి మీద. పూజారి చేతి మీదా ఉంటుంది, నా చేతి మీదా ఉంటుంది. అందుకే నేను నిన్ను ముట్టుకునే ముందు కడుక్కుంటాను. నీ జ్వరం అట్లా వచ్చిందే. బిడ్డకూ అట్లా వచ్చిందే."

ముట్టుకునే ముందు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ముట్టుకున్నాక కడుక్కుంటారు. ఈమె ముందు కడుక్కుంటుంది. ఇన్ని రోజులు రెప్ప వెయ్యకుండా చూస్తూ కూడా ఆ తేడా నాకు తెలియలేదు. నా పిల్ల ఆ తేడా తెలియక చచ్చిపోయింది.

ఇంటికి పోయాక మీ అత్తకు తప్పకుండా చెప్పు అని డాక్టరమ్మ నా భుజం తట్టి లేచింది. ఆమెకు అది చిన్న పని. నీ చేతులతోనే నీ మనవరాలు పోయిందని నేను పోయి చెప్పాలి. చెప్పకపోతే గేరిలో ఇంకొకరి బిడ్డ పోతుంది. ఆ రోజు నుంచి నాకు జ్వరం భయం పోయి, ఇల్లంటే భయం పట్టుకుంది.

తొలకరి

వానలు మొదలయ్యాక ఇంటికొచ్చాను. మా అత్త గడపలో నిలబడి ఉంది. సగం మనిషైంది. నన్ను చూసి దగ్గరికి రాబోయి ఆగింది. లోపలికి పోయి కొర్రన్నం పెట్టింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిన్నాం.

ఆసుపత్రిలో నేను ఒంటరిగా ఉన్నాననుకున్నాను. ఒంటరితనం అంటే ఏమిటో ఇంట్లో తెలిసింది. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర, నాకు తెలిసింది ఆమెకు తెలియదు. ఆమె నా తలకు నూనె రాస్తుంటే ఒళ్ళు బిగదీసుకునేదాన్ని. కోడలికి నా మీద మనసు విరిగిందని ఆమె అనుకుంది. విరిగింది కూడా. కొన్ని పూటలు ఆమెను చంపాలన్నంత కోపం, కొన్ని పూటలు ఆమె ఒళ్ళో తల పెట్టుకోవాలన్నంత దుఃఖం. ఏసోబుకు చెబుదామంటే, అతనికి తల్లి. మా నాయనకు చెబుదామంటే, ఆయన ఆదోనిలో. మిషను ఉపదేశి వచ్చి ప్రార్థన చేస్తే కళ్ళు మూసుకున్నాను గానీ నోరు తెరవలేదు.

దానమ్మకు నెలలు నిండుతున్నాయి. నా కాన్పుకు సాయం పట్టిన దానమ్మే. పొట్ట నిమురుకుంటూ మా వాకిట్లో కూర్చుని, ఈసారి మగపిల్లోడే అని మా అత్తతో పందెం వేసేది. ఇప్పటికి ఇద్దరు పోయారు ఆమెకు. నేను రోజూ రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వచ్చాను. పిరికితనమే, దానికి ఇంకో పేరు లేదు.

ఆ పొద్దున

పని మీదికి పోయేవాళ్ళు పోతున్న వేళ దానమ్మ మొగుడు వచ్చి, నొప్పులు పడతాంది, రా పెద్దమ్మా అన్నాడు. మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతి బూడిద కొంగుకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చూశాక నేను ఇంక ఆగలేకపోయాను.

"అత్తా, నిలువు. నీకొకటి సెప్పాల."

చెప్పాను. డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పాలనుకున్నాను, అన్నీ తడబడ్డాయి. మొత్తానికి ఆమెకు అర్థమైంది. ఆమె నిలబడినచోటే కూలబడింది.

"నర్సమ్మ నాకు సెప్పలేదే," అంది. "ఊళ్ళో నా సేత కడిగించింది నా మైలకు కాదా?"

"కాదత్తా. ఆ బిడ్డ బతికేకి."

"వాళ్ళ బిడ్డలు బతికేకి." ఆమె ఆ మాట నిదానంగా అంది. ఆ తరవాత పేర్లు మొదలుపెట్టింది. "అట్లయితే లచ్చుమమ్మ? వంకకాడింటి కోడలు? నాగమ్మ కవల పిల్లోల్లు? దానమ్మకు పోయిన ఇద్దరూ? అందరూ నా సేతిలోనేనా? వాళ్ళందర్నీ నేనేనా సంపింది?"

నీ తప్పు కాదని చెప్పాలనిపించింది. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. చేతులు ఆమెవి. కానీ ఆ చేతులకు కడుక్కోవడమంటే అవమానం అని ఇరవై ఏళ్ళు నేర్పింది ఊరు. ఎందుకు కడుక్కోవాలో ఒక్క మాట చెప్పని, వంక దాటని నర్సమ్మ ఊళ్ళో ఉంది. ఇంత నేను అప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది. అప్పుడు ఆమె చేతులు రెండూ కొంగు కింద దాచుకోవడం మాత్రమే చూశాను.

"నేను రాను. ఈ సేతుల్తో నేను యాడికీ రాను. పోయి ఇంకెవురినన్నా పిల్సుకో," అంది దానమ్మ మొగుడితో. అతనికి ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు.

నేను ఆమె ముందు కూర్చుని, కొంగు కిందనుంచి ఆ చేతులు బయటికి తీశాను. "నువ్వు రాకుంటే ఇంకెవురు వస్తారత్తా? నర్సమ్మ రాదు. దానమ్మకు నువ్వే దిక్కు. కడుక్కొని పోదాం. నేను గుడక వస్తా."

ఇంట్లో నీళ్ళు అరకడవ. వంకలో కొత్త వరద, చెలమ అంతా బురద. రెండు కడవలు తీసుకుని ఊరి బావికి పరుగెత్తాను. జబ్బు నుంచి లేచాక అంత దూరం నడవడం అదే మొదలు. కడవలు గట్టు కింద పెట్టి నిలబడ్డాను. ఇద్దరు వచ్చారు, తమ బిందెలు నింపుకుని పోయారు. నిలబడ్డాను. దానమ్మ కేకలు అక్కడిదాకా వినబడవు, అయినా నాకు వినబడుతూనే ఉన్నాయి. చేద నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఆ రోజు ఆ చేద ముట్టుకోవాలని ఎంత అనిపించిందో రాయలేను. ముట్టుకుని ఉంటే గొడవై, ఆ కాస్త నీళ్ళు కూడా దానమ్మకు అందేవి కావు.

మూడో ఆమె ఏసోబు జీతం చేసే రెడ్డి కోడలు. పై నుంచి ధారగా పోస్తూ, ఇంత పొద్దున రెండు కడవలెందుకని అడిగింది. కాన్పుందమ్మా, మా అత్త చేతులు కడుక్కోవాలి అన్నాను. ఆమె నవ్వింది. మీకు కూడా మడి వచ్చిందా అంది.

"మడి కాదమ్మా. నీ కాన్పుకు మా యత్త సేతులు కడుక్కున్న్యాది. నీ కొడుకు బతికినాడు. నా కాన్పుకు కడుక్కోలేదు. నా బిడ్డ పోయింది."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఏమనుకుందో తెలియదు. నిండిన కడవలో ఇంకా పోస్తూనే ఉంది, నీళ్ళు పొర్లి నా కాళ్ళ మీద పడ్డాయి. నేను కడవలెత్తుకుని వచ్చేశాను.

నీళ్ళు మరిగించాం. కొత్త బ్లేడు దానమ్మ మొగుడు అంగడి నుంచి తెచ్చాడు. సబ్బు లేదు, కుంకుడుకాయలు కొట్టాను. నేను పోస్తుంటే మా అత్త మోచేతుల దాకా రుద్దుకుంది. చాలు అన్నా ఆపలేదు. చర్మం ఎర్రబారింది. రుద్దుకుంటున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది, చేతులు తడిగా ఉన్నాయని ముఖం తుడుచుకోలేదు. లోపలికి పోయాక ఏడవలేదు. దానమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. బొడ్డుకు బూడిద అద్దబోయిన వాళ్ళత్త చేతిని మా అత్త పట్టుకుని ఆపింది.

ఆ తరవాత వారం

ఆ ఏడు రోజులు మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు. ఏడో రోజు పొద్దున్నుంచి మా అత్త దానమ్మ వాకిట్లో కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. పిల్లవాడు రొమ్ము పట్టినప్పుడల్లా తడికలోంచి తొంగి చూసి మళ్ళీ కూర్చునేది. దానమ్మకు విసుగొచ్చి, ఏంది పెద్దమ్మా, నా బిడ్డకు దిష్టి పెడతావా అంది. మా అత్త తిట్టలేదు. మామూలుగా అయితే ఊరుకునే మనిషి కాదు.

ఎనిమిదో రోజు పిల్లవాడు దానమ్మ కొంగంతా తడిపి, గేరి మొత్తం వినబడేలా ఏడ్చాడు. అప్పుడు లేచి ఇంటికొచ్చింది. నేను చేటలో కొర్రలు చెరుగుతున్నాను. నా పక్కన కూర్చుని, కాసేపు కొర్రలలో రాళ్ళు ఏరింది. నా పిల్ల పోయిన రోజు నుంచి ఆమె నోట దాని మాట రాలేదు. ఆ పొద్దున తప్ప నేనూ ఎత్తలేదు.

"పాపకు ఏం పేరు పెట్టాలనుకొంటివి?" అంది, తలెత్తకుండా.

చెప్పాలా వద్దా అని చాలాసేపు చేట ఊపుతూనే ఉన్నాను. అబద్ధం చెప్పడం తేలిక. మేరీ అనో, సలోమి అనో ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ ఆమెకు చెప్పకుండా దాచి దాచి నేను అలిసిపోయాను.

"నీ పేరే పెట్టాలనుకొంటి అత్తా."

ఆమె చేతిలోని రాయి కింద పడింది. వంక దిగువకు, ఏసోబు తుండులో పిల్లను తీసుకుపోయిన వైపుకు తిరిగింది. సుంకమ్మా, సుంకమ్మా అని రెండుసార్లు మెల్లగా పిలిచింది.